బస్సమ్మ సంతకం పెట్టని కాగితం

బస్సమ్మ బిల్లును మొదట నిలబడి చదివింది. తరవాత కూర్చుని చదివింది. ఆ తరవాత మొగుడి ఎడమచేతిలో పెట్టి, "మీరూ ఓసారి చూడండి, నా కళ్ళకేమైనా అయిందేమో" అంది. ఆయన అడుగున ఉన్న అంకె దాకా వచ్చి ఆగిపోయి, "ఇది మనది కాదేమోనే, పక్క వీధి వాళ్ళది పొరపాటున ఇక్కడ పడేసుంటారు" అన్నాడు. పేరు వాళ్ళదే, ఇంటి నంబరు వాళ్ళదే, ఆపరేషనూ వాళ్ళదే. ఆసుపత్రి వాళ్ళు ఎక్కడా మర్యాద తప్పకుండా రాశారు. ఇన్సూరెన్సు కంపెనీ వారు సొమ్ము చెల్లించనందువల్ల మొత్తం మీరే కట్టవలసిందిగా మనవి, అని. గొంతు పట్టుకునేటప్పుడు కూడా మనవి చేసుకోవడం ఈ కాలపు సంస్కారం.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు అదే కౌంటర్లో కూర్చున్న మనిషి నవ్వుతూ, "మీకు ఇన్సూరెన్సు ఉందిగా, నిశ్చింతగా వెళ్ళిరండి" అన్నాడు. బస్సమ్మ నిశ్చింతగానే వచ్చింది. ఇప్పుడా నవ్వు గుర్తొచ్చేసరికి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆమెకు ఆ పేరు పెట్టింది బడి పిల్లలు. బడి బస్సు నడుపుతుంది కాబట్టి బస్సమ్మ. పిల్లల నోట పుట్టిన పేరు టీచర్లకు అంటుకుంది, అక్కణ్ణించి వీధికి పాకింది. జీతం పుస్తకంలో తప్ప అసలు పేరు ఇప్పుడెక్కడా లేదు. ఆమె బస్సుకు రెండు నియమాలు. మొదటిది ఆమె సొంతం: ఆఖరి పిల్ల కూర్చునేదాకా బండి కదలదు. వెనక కార్లు హారన్లు చించుకున్నా సరే, అద్దంలో చూసి, "మోగించుకోండి బాబూ, మా చిట్టిది ఇంకా బ్యాగు విప్పలేదు" అని కూర్చుంటుంది. రెండోది బడి వాళ్ళది: తాళం తిప్పేముందు డ్రైవరు ఫోను ఆపేసి, సీటు పక్కన బిగించిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టాలి. మొదటి నియమం వల్ల ఆమెను తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. రెండో నియమం వల్ల ఆమె నెత్తిమీదికి ఏం వచ్చిందో ముందు ముందు తెలుస్తుంది.

మొగుణ్ణి వీధిలో అందరూ అద్దాలాయన అంటారు. కిటికీలకూ దుకాణాల ముందు భాగాలకూ అద్దాలు బిగించే పని ఆయనది. జారే అద్దాన్ని ఎప్పుడూ ఆపబోవద్దు, వదిలేసి పక్కకు దూకమని కింద పనిచేసేవాళ్ళకు జీవితమంతా చెప్పిన మనిషి, ఒకరోజు తనే ఆపబోయాడు. మంచి పలక, పెద్దది, పగిలిపోతుందని మనసొప్పలేదట. కుడి మణికట్టు దగ్గర తెగింది. వేళ్ళను ముడిచే తాళ్ళలాంటివి అక్కడ ఉంటాయి. డాక్టరు వాటికేదో పేరు చెప్పాడు కానీ, ఇంట్లో అందరూ నరాలనే అన్నారు. ఆపరేషన్ చేసి కుట్టారు. పుండు మానింది. అయితే కుట్టిన నరాలు ఆ మచ్చకే అంటుకుపోయాయి. వేళ్ళు సగం దాకా ముడుచుకుని ఆగిపోతున్నాయి. గ్లాసు పట్టుకోబోతే జారిపోతోంది, ఇంక అద్దం సంగతి చెప్పేదేముంది?

"ఇంకో చిన్న ఆపరేషన్ చేసి విడదీయాలి" అన్నాడు డాక్టరు. "కానీ తాత్సారం చేయకండి. కీళ్ళు బిగుసుకుపోయాక నేను నరాలు ఎంత విడదీసినా వేళ్ళు మాట వినవు."

ఈ మాట విన్న మర్నాడే బిల్లు వచ్చింది. పాత బాకీ తీరితే తప్ప కొత్త ఆపరేషన్‌కు తేదీ ఇవ్వమని బిల్లుకింద ఇంకో మనవి కూడా ఉంది. అంటే విషయం డబ్బుతో ఆగలేదు. అద్దాలాయన కుడిచెయ్యి అద్దాలాయనకు ఉంటుందా పోతుందా అన్నది ఒక ఇన్సూరెన్సు కంపెనీ చేతిలోకి వెళ్ళింది.

ఇంట్లో మూడో మనిషి వదిన. అద్దాలాయన అక్క, ఆయన్ని చిన్నప్పుడు చంకనేసుకుని పెంచిన మనిషి. ఒక రెడీమేడ్ దుకాణానికి చొక్కాల గుండీలు కుట్టి ఇస్తుంది. మోకాళ్ళ మీద చొక్కా, పెదాల మధ్య దారం, పక్కన ఫోను. బిల్లు సంగతి వినగానే ఆవిడ దారం తీసి, "నేను ముందే అనుకున్నా. ఇన్సూరెన్సు వాళ్ళంతా ఒక్క తాను ముక్కలే. కట్టించుకునేటప్పుడు అన్నా అంటారు, ఇవ్వాల్సొస్తే ఎవరు నువ్వంటారు" అని తీర్పు చెప్పేసింది.

"వాళ్ళెవరో నేను కనుక్కుంటాను వదినా" అంది బస్సమ్మ.

పొద్దున పిల్లల్ని బడిలో దించాక, సాయంత్రం మళ్ళీ ఎక్కించుకునేదాకా ఆమెకు మధ్యలో ఖాళీ ఉంటుంది. అందరు డ్రైవర్లూ ఆ వేళ బస్సులోనే కాళ్ళు చాపుకుని కునుకు తీస్తారు. బస్సమ్మ ఆ కునుకు మానుకుని, కాళ్ళకు బలపం కట్టుకుంది.

మొదట ఆసుపత్రికి వెళ్ళింది. బిల్లు మీద వరస వరసగా వేలు పెట్టి, ఇదేమిటి, ఇదేమిటి అని అడిగింది. కౌంటర్లో నవ్వుతాడని చెప్పానే, ఆ మనిషి నవ్వు మూడో పేజీ దగ్గర ఆగిపోయింది. ఆ పేజీలో ఒక వరసకు అతనికీ అర్థం తెలియలేదు. లోపలికి వెళ్ళి కనుక్కుని వచ్చి నీళ్ళు నమిలాడు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా పడుకోబెట్టే పెట్టె ఉంటుంది కదా, దాని అద్దె అట.

"మా ఆయన్ని చూశారుగా" అంది బస్సమ్మ. "ఆ పెట్టెలో ఆయన ఏ భాగం పెట్టారు?"

వెనక వరసలో నిలబడ్డవాళ్ళు కూడా నవ్వారు. ఆ అద్దె కొట్టేశారు. కొట్టేసినట్టు ముద్ర వేయించుకునేదాకా ఆమె అక్కణ్ణించి కదల్లేదు. కానీ అంత బిల్లులో అది గోరంత. మిగతాదానికి అతను చేతులెత్తేశాడు. "మీ కంపెనీ ముందు సరేనంది, తరవాత కాదంది. ఎందుకో మాకు చెప్పరమ్మా. వాళ్ళనే అడగండి."

కంపెనీకి ఫోను చేసింది. మీ ఫోను మాకెంతో విలువైనది అని ఒక రికార్డు గొంతు చెప్పి, పాట పెట్టింది. విలువైన వస్తువును దాచుకున్నట్టు ఎవరూ బయటికి తియ్యలేదు. బస్సమ్మ రోజూ ఆ మధ్యాహ్నపు ఖాళీలో, ఖాళీ బస్సులో కూర్చుని ఆ పాట వినేది. వినగా వినగా బండి నడుపుతూ తెలియకుండా కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. ఆమె నుంచి ముందు సీటు పిల్లలకు, వాళ్ళ నుంచి బస్సంతటికీ అంటుకుంది. తమ పిల్లలు ఇంటికొచ్చి ఇన్సూరెన్సు కంపెనీ పాట ఎందుకు పాడుతున్నారో పాపం ఆ తల్లిదండ్రులకు అంతు పట్టలేదు. ఎప్పుడైనా మనిషి గొంతు తగిలితే, "ఆసుపత్రిని అడగండి" అనేది. ఆసుపత్రేమో కంపెనీని అడగమనేది. బంతి ఆటలో బంతికి ఎలా ఉంటుందో ఆమెకు బాగా తెలిసొచ్చింది.

"ఇలా కాదు" అనుకుని, ఒక మధ్యాహ్నం కంపెనీ ఆఫీసుకే వెళ్ళింది. మెట్లెక్కగానే చల్లటి గది, బల్లల మధ్య చెక్క తడికలు, గోడ మీద నవ్వుతున్న కుటుంబం బొమ్మ. బల్ల వెనక ఒక గుమాస్తా పిల్ల కూర్చుని ఉంది. చురుకైంది, మాట మెత్తన. పాలసీ నంబరు కొట్టి, తెర చూసి, కనుబొమలు ముడిచింది.

"మీ క్లెయిమ్ మేం కాదనలేదు మేడమ్. మీరే వద్దన్నారు."

బస్సమ్మ బల్ల మీదికి వంగింది. "నేనా? వద్దనడానికి నాకేమైనా పిచ్చా?"

"మీరంటే మీ ఇంట్లోవాళ్ళు. దెబ్బ తగిలిన కేసుల్లో, ఎలా జరిగిందో ఏమిటో ఫోను చేసి కనుక్కుంటాం. మూడుసార్లు చేశారు మావాళ్ళు. మూడుసార్లూ వద్దన్నారు. అన్నీ రికార్డవుతాయి. కావాలంటే వినండి."

చెవికి తగిలించుకునేవి ఇచ్చింది. బస్సమ్మ విన్నది.

"హలో మేడమ్, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం..."

"వద్దు నాయనా."

"మీ పాలసీ గురించి ఒక చిన్న నిర్ధారణ మేడమ్..."

"పాలసీలూ వద్దు, ఏమీ వద్దు. మా ఇంట్లో అందరూ దుక్కల్లా ఉన్నారు."

"అంటే మేడమ్, క్లెయిమ్ కూడా వద్దంటారా?"

"ఏదీ వద్దన్నాగా! నీకు పుణ్యముంటుంది, పెట్టేయ్."

మూడో ఫోనులో ఆ గొంతు ఇంకా పెరిగింది. "మళ్ళీ నువ్వేనా? మీ అమ్మానాన్నలు నిన్ను చదివించింది ఇందుకేనా? ఇంకోసారి చేశావంటే పోలీసులకు చెప్తా."

వదిన గొంతు. పెదాల మధ్య దారం పెట్టుకుని మాట్లాడితే వచ్చే ఆ నొక్కుడు కూడా తెలుస్తోంది.

బస్సమ్మకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఆ ఇంట్లో ఏ దరఖాస్తు నింపినా, ఫోన్ నంబరన్న చోట అందరూ వదిన నంబరే రాస్తారు. బస్సమ్మ ఫోను ఇనుప డబ్బాలో ఉంటుంది. అద్దాలాయన నిచ్చెన మీద ఉంటాడు, రెండు చేతులా అద్దం. ఎప్పుడు మోగినా ఎత్తే మనిషి వదిన ఒక్కతే. కరెంటు వాళ్ళకూ ఆ నంబరే, పళ్ళ డాక్టరుకూ ఆ నంబరే. బడివాళ్ళు ఉద్యోగులకూ వాళ్ళ ఇంట్లోవాళ్ళకూ ఇన్సూరెన్సు చేయించినప్పుడు కూడా బస్సమ్మ చెయ్యి దానంతటదే ఆ నంబరు రాసేసింది. అలా ఊళ్ళో ఎవరు ఏం అమ్మాలన్నా ఆ ఫోనుకే చేసేవాళ్ళు. లాటరీ తగిలిందనేవాళ్ళు, కార్డు బంద్ అయిందనేవాళ్ళు, సగం ధరకు పాలసీ అనేవాళ్ళు. తెలియని వాళ్ళతో మాట్లాడొద్దు, ఏమీ చెప్పొద్దు, పెట్టేయ్ అని వదినకు నూరిపోసింది బస్సమ్మే. వదిన ఆ విద్యలో ఆరితేరింది.

"ఆవిడెవరు మేడమ్?" అంది గుమాస్తా పిల్ల.

"మా ఆయన అక్క."

ఆ పిల్ల చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. సాయం చేద్దామనే. "రెండు దారులున్నాయి. ఒకటి, హెడ్డాఫీసుకు అర్జీ పెట్టుకోవడం. వాళ్ళు రికార్డులన్నీ వింటారు, ఆవిణ్ణి కూడా ప్రశ్నలడుగుతారు. నెల పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. రెండోది సులువు. ఆవిడకు మతిస్థిమితం లేదని మీరు ఒక కాగితం మీద సంతకం పెట్టారనుకోండి, ఆ మాటలు చెల్లవు. నాలుగు రోజుల్లో ఫైలు తెరుస్తారు. చాలామంది అలాగే చేస్తారు, ఎవరూ ఇంటికొచ్చి చూడరు."

అడక్కుండానే కాగితం అచ్చు వేసి ముందు పెట్టింది. పెన్ను కూడా పెట్టింది. ఫోనులో మాట్లాడిన స్త్రీకి మతిస్థిమితం లేదనీ, ఆమె మాటలను లెక్కలోకి తీసుకోరాదనీ అందులో ఉంది. బస్సమ్మ పెన్ను తీసుకుంది. తీసుకోలేదని చెప్పి ఆమెను దేవతను చేసే ఉద్దేశం నాకు లేదు. కళ్ళముందు మొగుడి సగం ముడుచుకున్న వేళ్ళు కదిలాయి. సంతకంలో మొదటి అక్షరం దగ్గర పెన్ను ఆనించి, ఆపింది.

ఆ మాట వదిన మీద ఒకసారి ఎవరో రాశారు. వదినకూ ఆవిడ మొగుడికీ ఒక చిన్న అచ్చుయంత్రాల దుకాణం ఉండేది. ఆయన పోయాక మరుదులిద్దరూ కలిసి ఈమెకు మతి సరిగా లేదని రాసి, ఎవరో డాక్టరు చేత సంతకం చేయించి, ఆ ఒక్క వాక్యంతో ఆమెను దుకాణంలోంచీ ఇంట్లోంచీ బయటికి నడిపించారు. తమ్ముడింటికి వచ్చిన కొత్తలో వదిన లెక్కలన్నీ పైకే చేసేది. పాల లెక్క, గుండీల లెక్క, గట్టిగా, పక్క గదిలోకి వినబడేలా. బస్సమ్మ అప్పుడు కొత్తకోడలు. ఈవిడేమిటి ఇలా గొణుక్కుంటుంది అనుకునేది. తన బుర్ర పని చేస్తోందని వదిన రోజూ సాక్ష్యం చెప్పుకుంటోందని అర్థం కావడానికి ఆమెకు చాలా కాలం పట్టింది.

"ఇంటికెళ్ళి ఆలోచించి వస్తానమ్మా" అని పెన్ను బల్ల మీద పెట్టింది.

సాయంత్రం వదిన చొక్కాల మూట ఇవ్వడానికి దుకాణానికి వెళ్ళినప్పుడు, బస్సమ్మ మొగుడికి అంతా చెప్పింది. ఆయన కుడిచేతిలో స్పాంజి ముక్క పెట్టుకుని నొక్కుతున్నాడు, అదే వ్యాయామం. విని చాలాసేపు నొక్కుతూనే ఉన్నాడు.

"చెయ్యి మీది" అంది ఆమె. "మీరు పెట్టమంటే పొద్దున్నే వెళ్ళి సంతకం పెడతాను."

"పెట్టమని నేననలేనే. పెట్టొద్దనడానికి ధైర్యమూ చాలడం లేదు."

"అయితే ఆ మాట నేనంటాను. పెట్టను. అర్జీ దారిలోనే పోదాం. ఎలా ఇవ్వరో చూస్తాను."

"అక్కకు చెప్పకు. కుమిలిపోతుంది."

"చెప్పకుండా ఎలా కుదురుతుంది? వాళ్ళు ఆవిణ్ణే ప్రశ్నలడుగుతారట."

మర్నాడు పిల్లల్ని దించి, బస్సు బడి ఆవరణలో పెట్టి, ఇంటికి వచ్చింది. వదిన కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని గుండీ కుడుతోంది. బస్సమ్మ ఎదురుగా పీట లాక్కుని కూర్చుని, నాన్చకుండా చెప్పేసింది. మతిస్థిమితం కాగితం సంగతి మాత్రం చెప్పలేదు. వదిన మొదట, "నేను కాదు" అంది. తరవాత, "అది అమ్మేవాళ్ళ ఫోను" అంది. తరవాత సూది చొక్కాకు గుచ్చి, చొక్కా పక్కన పెట్టింది.

"వాడికోసం చేశారా ఆ ఫోను?"

"ఆయనకోసమే వదినా."

"అమ్మాయ్, నేను వాణ్ణి..." అని, మొహం చేతుల్లో పెట్టుకోబోయింది.

బస్సమ్మకు కూడా ఏడుపు వచ్చింది. అత్తింట్లో అందరికన్నా ముందు తనకు అన్నం పెట్టిన మనిషి ఇలా కుంగిపోతుంటే ఎవరికి రాదు? కానీ ఆమె లేచి, గుమ్మం దగ్గర ఉన్న చెప్పులు తెచ్చి వదిన కాళ్ళముందు పెట్టింది. "ఏడుపు తరవాత చూసుకుందాం. ముందు లేవండి. సాయంత్రం పిల్లల వేళకు నేను బస్సు దగ్గరుండాలి."

వదిన ఆమె మొహంలోకి చూసింది. లేచింది. జుట్టు దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుంది. కోర్టుకు వెళ్ళే మనిషిలా తయారైంది.

ఆఫీసులో గుమాస్తా పిల్ల ఇద్దర్నీ చూసి తికమక పడింది. అర్జీ పెడతామని బస్సమ్మ అంటే, లోపల గదిలో ఉన్న పెద్దాయన్ని పిలుచుకొచ్చింది. ఆయన వాచీ చూసుకుంటూ వచ్చాడు. వదిన కుర్చీలో నిటారుగా కూర్చుని, "ముందు నాకు వినిపించండి" అంది. మూడు ఫోన్లూ విన్నది. మూడోదాంట్లో పోలీసుల మాట దగ్గర ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"గొంతు నాదే" అంది చెవిలోవి తీసి. "మతీ నాదే. పొరపాటూ నాదే, రాసుకోండి. కానీ బాబూ, ఇందులో మా తమ్ముడి పేరు ఎక్కడుంది? చెయ్యి అన్నాడా? ఆసుపత్రి అన్నాడా? ఒక్కసారి అనుంటే నేను అతని నోట్లో చక్కెర పోసేదాన్ని."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఎదుటి మనిషి ఎవరో రూఢి అయ్యేదాకా మావాళ్ళు వివరాలు చెప్పకూడదమ్మా. మోసాలు ఎక్కువగా ఉన్నాయి కదా."

"మీవాళ్ళెవరో రూఢి అయ్యేదాకా నేనూ వినకూడదు బాబూ. మోసాలు ఎక్కువగా ఉన్నాయి కదా."

గుమాస్తా పిల్ల ఫక్కున నవ్వి, నోరు మూసుకుంది. నిజం చెప్పాలంటే ఫోనుకు ఆ చివర ఉన్నవాడు జాగ్రత్తపరుడే, ఈ చివర ఉన్నావిడ జాగ్రత్తపరురాలే. ఇద్దరి జాగ్రత్తా కలిసి ఒక మనిషి చెయ్యి మీదికి తెచ్చింది.

"పాలసీ ఎవరి పేరున ఉంది?" అంది బస్సమ్మ.

"మీ పేరున."

"వద్దని చెప్పాల్సింది నేనేగా? నన్నెవరైనా అడిగారా?"

పెద్దాయన మీ నంబరు అదే ఇచ్చారు కదా అన్నాడు. ఇచ్చాను, అది నా తప్పు, అదీ రాసుకోండి అంది. అర్జీ ఇచ్చి వెళ్ళండి, చూద్దాం అన్నాడు. అందినట్టు ముద్రా నంబరూ కావాలంది. రేపు ఇస్తామన్నాడు. ఆమె కుర్చీలోనే వెనక్కి వాలి కూర్చుంది. పక్కన వదిన కూడా. ఆఖరి పిల్ల కూర్చునేదాకా కదలని మనిషిని ఆ పెద్దాయన ఎప్పుడూ చూసినట్టు లేడు. కాసేపు లోపలికీ బయటికీ తిరిగి, ముద్ర వేసి ఇచ్చాడు. అర్జీ నకలు కోసం బస్సమ్మ కిందికి జిరాక్సు దుకాణానికి వెళ్ళొచ్చింది.

తరవాత మొదలైంది అసలు పని. రోజూ మధ్యాహ్నం ఖాళీ బస్సులో కూర్చుని హెడ్డాఫీసుకు ఫోను. వాళ్ళు మీనమేషాలు లెక్కబెట్టారు. ఒకరు కాగితం అందలేదంటే, అందినట్టు ముద్ర నంబరు చదివేది. ఇంకొకరు అద్దం జారిన దుకాణం నుంచి సాక్ష్యం కావాలంటే, ఆ దుకాణం యజమానిని పట్టుకుని రాయించుకొచ్చింది. మరొకాయన వదినతోనే మాట్లాడాలన్నాడు. వదిన ఫోను చేతిలో పట్టుకుని ఒక పూటంతా గుండీ ముట్టకుండా కూర్చుంది. మోగగానే, "చెప్పండి నాయనా, మీరేం అడిగినా చెప్తాను" అంది. అతను బెదిరిపోయాడేమో, రెండే ప్రశ్నలడిగి పెట్టేశాడు. నెల దాటింది. అద్దాలాయన వేళ్ళు స్పాంజిని ఇదివరకంత కూడా నొక్కడం లేదు. ఆయన పైకి అనలేదు. బస్సమ్మ చూడనట్టు నటించింది, లోపల మాత్రం ప్రతిరోజూ ఆ పెన్ను గుర్తొచ్చేది. పెట్టేస్తే పోయేదేమో అని ఒకటి రెండు సార్లు కాదు, చాలాసార్లు అనుకుంది.

చివరికి ఫైలు తెరిచారు. పాత బిల్లు కట్టారు. దూదీ, చేతొడుగులూ, ఇంకా ఏవో చిల్లర వస్తువులూ మా పరిధిలోకి రావన్నారు, వాటికి బస్సమ్మ కట్టింది. కొత్త ఆపరేషన్‌కు కూడా సరేనన్నారు. సరేనన్న మాట కాగితం మీద చేతికొచ్చేదాకా ఆమె కౌంటరు వదల్లేదు.

ఈ ఆపరేషన్‌లో మనిషికి పూర్తిగా మత్తు ఇవ్వరట. చెయ్యి మొద్దుబార్చి, మధ్యలో వేళ్ళు ముడవమని అడుగుతూ నరాలు విడదీస్తారట. తలుపు బయట బెంచీ మీద బస్సమ్మా వదినా కూర్చున్నారు. లోపల్నించి డాక్టరు, "ముడవండి, ఇంకా, ఇంకా" అనడం సన్నగా వినబడుతోంది. ఆ మాట వచ్చినప్పుడల్లా బయట వదిన కుడిచెయ్యి దానంతటదే పిడికిలి పడుతోంది.

డాక్టరు బయటికొచ్చి మాస్కు దించాడు. "బాగా వచ్చింది. మూడు వేళ్ళు పూర్తిగా ముడుస్తున్నాడు. చిటికెన వేలి కీలు మాత్రం బిగుసుకుపోయింది. అది ఇక సగమే."

"నెల ముందు వచ్చుంటే?" అంది బస్సమ్మ. అడక్కుండా ఉండలేకపోయింది.

"వచ్చుండొచ్చు, రాకపోయుండొచ్చు. చెప్పలేనమ్మా" అని ఆయన వెళ్ళిపోయాడు.

గదిలో అద్దాలాయన మంచానికి ఆనుకుని కూర్చున్నాడు. కట్టులోంచి బయటికి వచ్చిన వేళ్ళను ఇప్పట్నించే ఆడించాలని చెప్పారు. నొప్పికి నుదుటి మీద చెమట పట్టింది. ఒకటి, రెండు, మూడు వేళ్ళు నెమ్మదిగా అరచేతిని తాకాయి. నాలుగోది గాల్లోనే ఆగిపోయింది.

"అద్దం పట్టుకోవడానికి ఈ మూడూ బొటనవేలూ చాలు. ఆ చిన్నదాంతో మనకేం పని?" అన్నాడు. నవ్వడానికే ప్రయత్నించాడు. కాసేపటికి అలసిపోయి కళ్ళు మూసుకున్నాడు.

వదిన మంచం పక్కన నిలబడి, తమ్ముడి చిటికెన వేలిని రెండు వేళ్ళతో పట్టుకుని నెమ్మదిగా వంచుతోంది. వంచుతూనే, తల తిప్పకుండా అంది. "ఆ రోజు నువ్వు జిరాక్సుకు వెళ్ళినప్పుడు ఆ గుమాస్తా పిల్ల నాకు చెప్పింది. ఒక్క సంతకం పెట్టుంటే నాలుగు రోజుల్లో అయిపోయేదట."

"అయిపోయేది వదినా."

"మరెందుకు పెట్టలేదే?"

"అది అబద్ధం కాబట్టి."

"వీడి వేలు ఇలా అవుతుందని తెలిసుంటే?"

బస్సమ్మ మంచం మీదికి చూసింది. వదినకు అబద్ధం చెప్పాలని అనిపించలేదు. "తెలిసుంటే పెట్టేసేదాన్నేమో."

వదిన తల ఊపింది. వేలిని మళ్ళీ వంచింది, ఆగిన చోట ఆపింది. "పెట్టినా నేనేం అనుకునేదాన్ని కాదమ్మాయ్."

"మీరు అనుకునేవాళ్ళే వదినా."

వదిన కళ్ళజోడు కింది నుంచి నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి, తుడుచుకోవడానికి ఆ వేలిని వదల్లేదు.

"అవునే" అంది. "అనుకునేదాన్నే."